నీలం వైరు, నారింజ తోక

తోక కట్టే ఆచారం పెట్టింది నెస్టర్ హ్రిత్సాకే. అది తిరిగి అతన్నే తగులుకున్న రోజు సంగతి ఇది.

కెనడాలోని సస్కాచెవాన్‌లో కార్డెల్ అనే ఆ చిన్న ఊళ్ళో, చలికాలం బండిని రాత్రంతా కరెంటుకి తగిలించి ఉంచకపోతే పొద్దున అది బండి కాదు, ఇనప దిమ్మ. ముందు జాలీలోంచి నాలుకలా ప్లగ్గు ఒకటి వేలాడుతూ ఉంటుంది. దానికి వైరు తగిలిస్తారు. వైరు రెండో కొస ఇంటి గోడకి. ఇంజను వెచ్చగా పడుకుంటుంది. పొద్దున వైరు ఊడదీసి బయల్దేరాలి. అంతే పని. ఆ కాస్త పనీ ప్రతి చలికాలం ఎవడో ఒకడు మరిచిపోతాడు. వైరుని ఈడ్చుకుంటూ ఊరంతా తిరిగి, పనిచోట దర్జాగా దిగుతాడు. అలాంటివాడి బెల్టుకి వెనకాల మూరెడు పాత నారింజ వైరు ముక్క కట్టాలి. సాయంత్రం పని ముగిసేదాకా అది ఊగుతూనే ఉండాలి. ముడి నెస్టరే వేసేవాడు, గోరు కూడా దూరనంత బిగువుగా.

కారణాలు వినేవాడు కాదు. ఇటుకలూ రాళ్ళూ పేర్చే అబ్రాం పెనర్, దేవుడంటే భయమున్న మెనొనైట్ క్రైస్తవుడు, తండ్రిని పాతిపెట్టిన మర్నాడు మరిచిపోయి వచ్చాడు.

"నిన్ననే నాన్నని మట్టిలో పెట్టాం నెస్టర్. మనసు మనసులో లేదు" అన్నాడు.

"మనసు ఎక్కడుంటే నాకేం. వైరు నీ బండికి ఉంది" అని నెస్టర్ ముడి బిగించాడు.

ఆ మధ్యాహ్నం ఓదార్చడానికి పాస్టరుగారు పనిచోటికే వచ్చారు. ఆయన వెళ్ళేదాకా అబ్రాం గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు.

నెస్టర్ అరవై దాటిన వడ్రంగి. భార్య ఒదిల్ పోయి రెండేళ్ళు. ఆమె ఉన్నన్నాళ్ళూ అతని మాటలకి కాస్త పంచదార కలిపి జనానికి అందించేది. ఇప్పుడు అవి నేరుగా వస్తున్నాయి. ఒదిల్ తమ్ముడు లూసియన్ ఒక్కడే ఇంకా అతని గడప తొక్కేవాడు. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి ఎరువు పట్టుకుపోయేవాడు. నిచ్చెన, డ్రిల్లు, మంచు పార. దొంగ కాదు. అతని దగ్గరికి చేరిన వస్తువు అక్కడే కాపురం పెట్టేస్తుంది, అంతే.

నెస్టర్ ఎరువివ్వని వస్తువు ఒకటుంది. అది నీలం వైరు. బొటనవేలంత లావు. ఎముకలు కొరికే చలిలో కూడా ఉడికిన సేమ్యాలా మెత్తగా వంగేది. మిగతావాళ్ళ నారింజ వైర్లు అదే చలికి బిగుసుకుపోయి, చుట్ట విప్పబోతే పైతోలు పగిలి రాగి కనిపించేది. నెస్టర్ దాన్ని పనిచోట రాత్రి వదలడు. ఇంటికి తీసుకెళ్ళి తన ట్రక్కుకి తగిలించుకుంటాడు, పొద్దున మళ్ళీ తెస్తాడు. దాన్ని ముట్టుకున్నవాడి చెయ్యి ఏ స్థితిలో తిరిగొస్తుందో అందరికీ చెప్పి పెట్టాడు.

అప్పుడు నెస్టర్, అబ్రాం, లూసియన్ కలిసి, మంచుగడ్డ మీద కర్లింగ్ ఆట ఆడే హాలుకి వంటగది కలుపుతున్నారు. ఆ పొద్దున చలి మైనస్ నలభైకి దిగింది. నేలకి కాంక్రీటు పోసే రోజు. చుట్టూ పరదా గుడారం కట్టి, డీజిలు హీటరు పెట్టి లోపల వెచ్చబరిచాకే పొయ్యాలి. లేకపోతే కాంక్రీటు గట్టిపడదు, గడ్డకడుతుంది. ఆ రెంటికీ తేడా వేసవిలో తెలుస్తుంది, నేల పెంకులు పెంకులుగా లేచినప్పుడు. హీటరులో ఫ్యానుకి కరెంటు కావాలి. కరెంటు స్తంభం రోడ్డు అంచున ఉంది. అక్కడినుంచి గుడారం దాకా అందేదీ, అంత కరెంటు మొయ్యగలిగేదీ నీలం వైరు ఒక్కటే.

నెస్టర్ బూట్లు తొడుక్కుంటుండగా ఫోను మోగింది. లూసియన్.

"బావా, నా బండి కదలట్లేదు."

"రాత్రి తగిలించావా?"

"తగిలించా."

"దేనికి?"

"గోడకి."

"గోడలో కరెంటుందా?"

"అదే బావా, లేదని ఇప్పుడే తెలిసింది. వస్తూ వస్తూ నన్నెక్కించుకో. నీ దారిలోనేగా."

"హైవే మీద నిలబడు. ఎవరో ఒకరు జాలిపడతారు. నేను మాత్రం పడను."

"అక్క ఉంటే ఇట్లా అనేదా?"

"అక్క ఉంటే అక్క వచ్చేది" అని నెస్టర్ ఫోను పెట్టేశాడు.

బావమరిది మీద కోపం అతని చేత చాలా పనులు చేయించింది. తలుపు దఢాలున వేయించింది, కాఫీ ఫ్లాస్కుని సీటు మీదికి విసిరించింది, గేరు విరిగేలా వేయించింది. ఒక్క పని మాత్రం మరిపించింది. వాకిట్లోంచి మలుపు తిరుగుతుంటే వెనకాల ఏదో టక్కుమంది. చలికి చదునైన టైర్లు అలాగే కొట్టుకుంటాయి అనుకున్నాడు. దారి పొడుగునా లూసియన్‌కి చెప్పాల్సిన మాటలు అల్లుకుంటూ వచ్చాడు. మంచి మాటలు కుదిరాయి.

హాలు దగ్గర దిగి ట్రక్కు ముందుకి వచ్చేసరికి జాలీ లోంచి వేలాడుతున్న ప్లగ్గుకి జానెడు నీలం ముక్క కనిపించింది. కొస పీకినట్టు తెగి ఉంది.

నెస్టర్ చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. నీలం ముక్కని ఊడబెరికి కోటు లోపల పెట్టుకున్నాడు. అది చన్నీళ్ళలోంచి తీసిన చేపలా పొట్టకి తగిలింది.

అబ్రాం గుడారంలోంచి బయటికి వచ్చాడు. వెనకాలే గుడ్రున్. పని గుత్తకి తీసుకున్నది ఆమే. నెస్టర్ ఆమె తండ్రితో కలిసి పనిచేసినవాడు, అందుకని బాబాయ్ అంటుంది.

"కాంక్రీటు బండి బయల్దేరింది బాబాయ్. వైరు ఏది?"

నిజం చెప్పడానికి నెస్టర్ నోరు తెరిచాడు. అబ్రాం ముఖం కనిపించింది. ఎర్రటి, మంచి ముఖం.

"పోయింది" అన్నాడు.

"పోవడమేంటి?"

"ఎత్తుకుపోయారు. రాత్రి. ఇంటి ముందునుంచి."

గుడ్రున్ నడుం మీద చేతులు పెట్టుకుంది. "నీ ఇంటికా? నీ ఇంటికి బంధువులే రారు, దొంగెట్లా వచ్చాడు బాబాయ్?"

"దొంగకి చుట్టరికం అక్కర్లేదు."

"నీ ఇంటి దిక్కు వచ్చేది లూసియన్ ఒక్కడే" అంది గుడ్రున్. అన్నాక ఆ మాట ఆమెకే నచ్చినట్టుంది. "అవును. లూసియన్ ఒక్కడే. ఏడీ, ఇంకా రాలేదేం?"

నెస్టర్ అవుననలేదు. కాదననూ లేదు. ఆ రెండో మాట అంటే సరిపోయేది.

ఇంతలో మంచు తోసే పెద్ద బండి రోడ్డు మీద ఆగింది. దాని ఎత్తైన గదిలోంచి లూసియన్ దిగాడు, డ్రైవరుకి చెయ్యి ఊపాడు, చంకలో బానక్ రొట్టె మూటతో వచ్చాడు. కనుబొమల మీద మంచు, మూతి మీద నవ్వు.

"ఆలస్యమైంది గుడ్రునక్కా. మా బావ నన్ను ఎక్కించుకోలా. మంచు బండాయన జాలిపడ్డాడు."

"నెస్టర్ బాబాయ్ వైరు ఇచ్చెయ్" అంది గుడ్రున్.

"ఏ వైరు?"

"నీలం వైరు. రాత్రి వాకిట్లోంచి పోయిందట."

లూసియన్ నవ్వు అలాగే ఉంది. కళ్ళు మాత్రం నెస్టర్ వైపు తిరిగాయి.

"పోయిందా బావా?"

"పోయింది."

"రాత్రే?"

"రాత్రే."

"నువ్వు పడుకున్నాకా, పడుకోకముందా?"

"పడుకున్నాక."

"అయ్యో పాపం" అన్నాడు లూసియన్. "నిద్రపోతున్న మనిషిని మోసం చేశాడు. పోలీసులకి చెబుదామా బావా?"

"వైరుకి పోలీసులెందుకు."

"అట్లా అనకు. అది మామూలు వైరా? ఆ దొంగెవడోగానీ వాణ్ణి ఒకసారి చూడాలని ఉంది నాకు. దగ్గర్నుంచి చూడాలి. వాడి ముఖం ఎట్లా ఉంటుందో."

నెస్టర్ పక్కకి తిరిగి ఉమ్మేశాడు. అది నేల తాకేలోపే గడ్డకట్టి టిక్కుమంది.

"హాస్యాలు తర్వాత" అంది గుడ్రున్. "ముందు వేడి సంగతి చూడండి. లూసియన్, నీ సంగతి కూడా చూస్తా."

ఉన్న నారింజ వైర్లన్నీ బయటికి తీశారు. ఒక్కొక్కటీ పెద్ద జంతికలా బిగుసుకుపోయి ఉంది. ఇద్దరు రెండు కొసలూ పట్టుకుని లాగితే చుట్ట అలాగే లేచి నిలబడింది. నేల మీద పెడితే దొర్లింది. రెండు చుట్టల్ని గుడ్రున్ ట్రక్కులో వెచ్చబెట్టారు. మూడోదాన్ని అబ్రాం కోటు విప్పి పొట్టకి హత్తుకుని, గుడ్లు పొదిగే కోడిలా సీట్లో కూర్చున్నాడు.

"మెత్తబడుతుందా అబ్రామన్నా?" అని లూసియన్ అద్దం కొట్టి అడిగాడు.

"నేను గట్టిపడుతున్నా" అన్నాడు అబ్రాం.

ఎలాగో మూడింటినీ విప్పి, ఒకదానికొకటి తగిలించి, స్తంభం నుంచి గుడారం దాకా పరిచారు. హీటరు ఫ్యాను ముసలివాడు నిద్రలేచినట్టు ఒకసారి మూలిగి తిరిగింది. మధ్య అతుకు దగ్గర పొగ వచ్చింది. స్తంభం మీద ఫ్యూజు ఎగిరింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ ఎగిరింది. మూడోసారి పెట్టబోతుంటే మొదటి వైరు చలికి పటుక్కున చిట్లింది.

గుడ్రున్ చేతి తొడుగులు తీసి కింద కొట్టింది. ఆమె అరిచే మనిషి కాదు.

"కాంక్రీటు బండిని వెనక్కి పంపాలి. మళ్ళీ ఎప్పుడొస్తుందో వాళ్ళ దయ. లూసియన్, చివరిసారి అడుగుతున్నా. వైరు ఎక్కడుంది?"

"నేను తియ్యలా అక్కా."

"నా డ్రిల్లు కూడా నువ్వు తియ్యలేదు. మీ ఇంట్లో దొరికింది."

"అది తెచ్చుకున్నా. ఇది తియ్యలా."

"అయితే ఇంటికి పో. రేపటినుంచి రావద్దు. నీ పైన పనివాళ్ళకి నమ్మకం లేదు, నాకూ లేదు."

లూసియన్ నెస్టర్ని చూశాడు. ఎదురు చెప్పలేదు, ఒట్టు పెట్టుకోలేదు. "సరే అక్కా" అని రొట్టె మూట చంకలో పెట్టుకున్నాడు. టోపీ చెవుల మీదికి లాక్కుని, హైవే వైపు నడిచాడు.

నెస్టర్ చూస్తూ నిలబడ్డాడు. పోతే పోనీ అనుకున్నాడు. ఈ ఊళ్ళో వేరే పని దొరక్కపోదు. దొరకదని అతనికి తెలుసు. చలికాలంలో లూసియన్‌ని పెట్టుకునేది గుడ్రున్ ఒక్కతే. అబద్ధం ఆడినందుకు అతనికి సిగ్గు వేయలేదు, ఈ వయసులో ఒకటి ఆడితే ఏమైంది. వాళ్ళు నవ్వినా భరించేవాడే. భరించలేనిది అబ్రాం. అబ్రాం నవ్వడు. క్షమిస్తాడు. భుజం మీద చెయ్యి వేసి మరీ క్షమిస్తాడు.

లూసియన్ రోడ్డు దాకా వెళ్ళాడు. చేతులు జేబుల్లో పెట్టుకుని, చిన్నప్పుడు ఒదిల్ వెంట నడిచినప్పటిలా ఒక భుజం వాల్చి నడుస్తున్నాడు. ఈ నడకతో ఇల్లు చేరేలోపు ముక్కు ఊడి చేతిలోకి వస్తుంది.

"ఆగరా" అన్నాడు నెస్టర్.

వినబడలేదు.

"ఒరేయ్ లూసియన్, ఆగమన్నానా."

లూసియన్ ఆగి వెనక్కి తిరిగాడు. నెస్టర్ కోటు లోపల చెయ్యి పెట్టి నీలం ముక్క తీసి గుడారం ముందు పేర్చిన చెక్కల మీదికి విసిరాడు. అది మెత్తగా ఒకసారి ఎగిరి పడింది.

"నేనే ఈడ్చుకొచ్చా. దారిలో ఎక్కడో తెగిపోయింది. చాలా?"

పరదా గాలికి కొట్టుకుంటోంది.

"నవ్వండి" అన్నాడు నెస్టర్. "నవ్వరేం? డబ్బులడుగుతారా?"

గుడ్రున్ నీలం ముక్కని చూసింది, అతన్ని చూసింది. "ఆ అబ్బాయిని నేను పొమ్మంటుంటే ఇది నీ పొట్ట దగ్గరే ఉంది."

"ఉంది."

"ఎట్లాంటి మనిషివి బాబాయ్ నువ్వు?"

ఆ ప్రశ్నకి జవాబు తెలిసినవాళ్ళు కార్డెల్‌లో చాలామందే ఉన్నారు.

ఇంతలో అబ్రాం వెళ్ళి పనిముట్ల పెట్టెలోంచి నారింజ ముక్క తెచ్చాడు. నెస్టర్ వెనక్కి తిరిగి నిలబడ్డాడు. అబ్రాం కట్టిన ముడి పిడికిలి దూరేంత వదులుగా ఉంది.

"బిగించు" అన్నాడు నెస్టర్.

"చాల్లే నెస్టర్. అందరికీ జరుగుతుంది" అని అబ్రాం భుజం మీద చెయ్యి వేశాడు.

నెస్టర్ ఆ చెయ్యి దులిపేసి, చేతులు వెనక్కి పెట్టి, తన ముడి తనే బిగించుకున్నాడు.

లూసియన్ తిరిగొచ్చి ఇదంతా చూశాడు. అప్పుడన్నాడు, "వైరు వంతెన మలుపు దగ్గర ఉంది బావా. ఉత్తరాల పెట్టెలకి చుట్టుకుని తెగింది."

"నీకెట్లా తెలుసు?"

"మంచు బండిలో నీ వెనకాలే వచ్చాంగా. ఎంత ఎత్తుమీద కూర్చోబెట్టాడు ఆయన, ఊరంతా కనపడుద్ది. నీ బండి ఇటు తిరిగితే తోక అటు ఊగుతోంది. డ్రైవరు నవ్వి నవ్వి కాఫీ ఒలకబోసుకున్నాడు. నువ్వు ఎక్కించుకుని ఉంటే నేను చూసేవాణ్ణే కాదు."

నెస్టర్ మెడ కందిపోయింది. "తెలిసీ నోరు మూసుకున్నావా? పని పోతుంటే కూడా?"

"నువ్వు ఎప్పుడు నోరు తెరుస్తావా అని చూస్తున్నా."

"తెరవకపోతే?"

"ఇంటికి పోయేవాణ్ణి. మా బావ ఇంతే అనుకునేవాణ్ణి."

"అది పట్టుకొచ్చి ఉంటే ఇంత రాద్ధాంతం ఉండేదా? దిగి తియ్యలేకపోయావా?"

"చూశావా అక్కా" అన్నాడు లూసియన్, "తప్పు ఎవరిమీదికి వచ్చిందో."

గుడ్రున్ మధ్యకి వచ్చింది. "ఇద్దరూ పోయి తెండి. కొస తెగితే కొత్తది వేసుకోవచ్చు, నా పెట్టెలో ఉంది. కాంక్రీటు బండి వచ్చేలోపు రావాలి. లూసియన్, నేనన్నది మరిచిపో. నువ్వు పనిలోనే ఉన్నావు."

"దారి చూపిస్తా అక్కా. తర్వాత ఇంటికే."

"అదేంటి?"

"పొమ్మంది నువ్వైనా, పొమ్మనిపించింది ఆయన. ఉండమని ఆయనే అనాలి."

ఆమె నెస్టర్ వైపు చూసింది. నెస్టర్ అప్పటికే ట్రక్కు ఎక్కుతున్నాడు. కూర్చున్నప్పుడు ముడి నడుముకి గుచ్చుకుంది. అదేం లెక్క కాదన్నట్టు కూర్చున్నాడు.

వంతెన మలుపులో ఉత్తరాల పెట్టెలు వరసగా ఉన్నాయి. నీలం వైరు వాటి చుట్టూ మెలికలు తిరిగి, పండగ అలంకారంలా మంచు మీద వేలాడుతోంది. ఇద్దరూ విప్పారు. అంత చలిలోనూ అది చెప్పిన మాట వింటూ వచ్చింది. లూసియన్ అలవాటుగా దాన్ని అరచేతికీ మోచేతికీ వేసి చుట్టడం మొదలుపెట్టాడు.

"మోచేతికి చుట్టకురా. లోపల రాగి మెలిపడుతుంది. నీకు ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఒక్కసారీ చెప్పలా. ముట్టుకోనిస్తేగా."

అవతల, వంతెనకి ఆ చివర, కాంక్రీటు బండి కనిపించింది. పీపా తిరుగుతోంది.

"ఎక్కు" అన్నాడు నెస్టర్.

లూసియన్ చుట్టని ట్రక్కు వెనక వేసి, రోడ్డు అంచునే నిలబడ్డాడు. "నేను ఇటు పోతా. ఇల్లు దగ్గరేగా ఇక్కణ్ణుంచి."

"కాంక్రీటు ఎవడు సర్దుతాడు? అబ్రాం నడుము వంగదు."

"అది మీ సంగతి."

"సరే, రా."

"అట్లా కుక్కని పిలుస్తారు బావా."

"ఎక్కరా మరి."

"అది నువ్వు ముందన్నదానికే 'రా' తగిలించావు. మర్యాద అటు కాదు పెరగడం."

కాంక్రీటు బండి దగ్గరికి వచ్చింది. నెస్టర్ తోక రోడ్డు వైపుకి పెట్టి నిలబడి ఉన్నాడన్న సంగతి డ్రైవరుకి ముందు తెలిసింది, అతనికి తర్వాత తెలిసింది. బండి హారన్ పొడుగ్గా మోగించుకుంటూ దాటిపోయింది. నవ్వు కూడా వినిపించినట్టే ఉంది.

నెస్టర్ దవడ కదిలింది. "ఎక్కండి" అన్నాడు.

"ఎవర్ని?"

"నిన్నే."

"'నిన్ను'కీ 'ఎక్కండి'కీ కుదరదు బావా. మేం అంత చదువుకోలేదు కానీ, అది తెలుసు."

"మిమ్మల్నే. ఎక్కండి లూసియన్ గారూ. అక్కడ కాంక్రీటు చస్తోంది."

"పనిలో ఉండాలా?"

"ఉండండి."

లూసియన్ ఎక్కాడు. తలుపు మర్యాదగా వేసుకున్నాడు. ట్రక్కు వెనక్కి తిరిగి వంతెన వదిలేలోపే అన్నాడు, "లోపల హీటరు కాస్త పెంచుతారా?"

నెస్టర్ పెంచాడు.

"'పెంచానండి' అనాలి."

"దిగుతావా?" అన్నాడు నెస్టర్. కానీ బండి ఆపలేదు. ముందు పోతున్న కాంక్రీటు బండిని దాటడానికి ఇంకాస్త తొక్కాడు.